రెండు పూటల పాలు

నేను మదనపల్లెలో ఒక దినపత్రిక కార్యాలయంలో పనిచేసే రోజుల్లో, పల్లెల నుంచి విలేఖరులు పంపే కాగితాలను తిరగరాసి జిల్లా పేజీలకు సిద్ధం చేయడం నా పని. ఏటా ఆగస్టులో ఆరోగ్యశాఖ నుంచి ఒక ప్రకటన వచ్చేది. తల్లిపాలు అమృతంతో సమానమనీ, పుట్టిన గంటలోపే బిడ్డకు పట్టించాలనీ అందులో ఉండేది. మూడేళ్లు వరసగా దాన్ని నేనే తిరగరాశాను. మూడో ఏడు అసలు కాగితం చూడకుండానే రాసేశాను. తొంభైల మధ్యలో నాకు మొదటి కాన్పు అయినప్పుడు, ఆ ప్రకటనలోని ఒక్క వాక్యం కూడా నా పనికి రాలేదు.

పాప మదనపల్లెలోనే ఒక చిన్న ఆసుపత్రిలో పుట్టింది. బరువు రెండు కిలోల ఆరువందల గ్రాములు. మొదటి రెండు రోజులు నా రొమ్ము పట్టనే లేదు. నోటికి అందిస్తే నాలుకతో తోసేసి, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. మంచం చుట్టూ ఎప్పుడు చూసినా నలుగురుండేవారు. ఒకరు తల పట్టుకునేవారు, ఒకరు చెంప గిల్లేవారు, ఇంకొకరు చక్కెర నీళ్లు ముంచిన గుడ్డ అందించేవారు. మూడో రోజు అమ్మ ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "పదిహేనో రోజు తీసుకురా. పుట్టినప్పటి బరువుకైనా రాకపోతే డబ్బా పాలు మొదలుపెడదాం" అన్నది.

ఆ డబ్బా మాట నన్ను పట్టుకుంది. మా అమ్మ వాళ్ల వీధిలో డబ్బా పాలు తాగే బిడ్డ ఒకటి ఆ ఏడు వేసవిలోనే రెండుసార్లు విరేచనాలతో ఆసుపత్రిలో పడింది. బోరు నీళ్లు, ఈగలు, ఎంత కడిగినా అడుగున మురికి కనిపించే ప్లాస్టిక్ సీసా. నా బిడ్డకు ఆ సీసా వద్దనుకున్నాను. అందుకు నా చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు.

అమ్మ ఊరు పుంగనూరులో బస్సు దిగి ఆటోలో వెళ్లాల్సిన పల్లె. నాన్న పోయాక అమ్మ పంటలో వాటాకు పొలం కోరుకిచ్చి, ఆవులనే నమ్ముకుని బతికింది. అప్పటికి ఎక్కువ పాలిచ్చే సీమావులు మూడుండేవి. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి పిండేది. పాలకేంద్రం వ్యాను ఆ రెండు వేళల్లోనే ఊళ్లోకి వచ్చేది. మా ఇంట్లో నిద్ర లేవడం, వంట, పెళ్లికి పోవడం, ఆఖరికి ఏడవడం కూడా ఆ రెండు వేళల మధ్యలోనే జరగాలి.

బాలింతను చూడటానికి వచ్చిన పక్కింటి అత్త మొదటిరోజే అనేసింది: "పాలమ్మే ఇంట్లో బిడ్డకి పాల్లేవా! ఇదెక్కడి యిచ్చిత్రం వదినా?"

అమ్మ నవ్వలేదు. "వస్తాయిలే. తొలిసూరు ఆవు ఇస్తుందా ఈనిన రోజే?" అన్నది.

ఐదో రోజు, శనివారం, నర్సమ్మ వచ్చింది. చుట్టుపక్కల నాలుగు పల్లెలకూ ఆమే నర్సు. నలభై దాటిన మనిషి. తెల్లచీర అంచుకు ఎర్రమట్టి, భుజాన బరువైన సంచి. ఆ రోజుల్లో నర్సమ్మ వీధి మొదట్లో కనబడితే చాలు, ఆడవాళ్లు పెరటి దారిన చేలల్లోకి వెళ్లిపోయేవారు. పిల్లలు కాకుండా ఆపరేషన్లకు ఇంతమందిని తీసుకురావాలని ఆమెకు పైనుంచి లక్ష్యం ఉండేది. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా కూతురికి ఇదే మొదటి కాన్పు తల్లీ. ఆపరేషన్ ఊసెత్తొద్దు."

"ఆపరేషన్‌కి రాలే పెద్దమ్మా. బిడ్డను సూడనియ్యి."

"బిడ్డ బాగుండాది."

"బాగుంటే అట్ల గొంతు సించుకుంటాందేం?"

అమ్మ పక్కకు జరిగింది. నర్సమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ముందు మంచం చుట్టూ ఉన్నవాళ్లను బయటికి పంపింది. నన్ను గోడకు ఆనుకోమంది. బిడ్డ పొట్ట నా పొట్టకు తగిలేలా తిప్పింది. "మొన ఒక్కటే ఇస్తే చీకదు, నములుతుంది. నోరు పెద్దగా తెరిసినప్పుడు నల్లగా ఉండేదంతా లోపలికి పోవల్ల" అన్నది. ఏడుసార్లో ఎనిమిదిసార్లో జారిపోయింది. నాకు చెమటలు పట్టాయి. ఆ తర్వాతిసారి పాప పట్టింది. దవడ కదిలింది. కాసేపటికి గొంతులో చిన్న గుటక వినిపించింది.

"విన్నావా? ఆ సప్పుడు కోసమే మనం కష్టపడతాండేది" అన్నది నర్సమ్మ. "ఆకలైనప్పుడల్లా పెట్టు. పగలూ రాత్రీ కలిపి పది పన్నెండుసార్లు. ఇంకేదీ తాపొద్దు." బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగకముందే అమ్మ అందుకుంది. "పన్నెండుసార్లంట! ఆమె యాడన్నా ఆవును పిండిందా? పొదుగు నిండకుండా పిండితే ఏమొస్తాది? పిండీ పిండీ ఎండగొట్టేది కాకపోతే!"

అప్పటి నుంచి అమ్మ నా పాలకూ వేళలు పెట్టింది. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. పాప మరీ ఏడిస్తే మధ్యాహ్నం ఒకసారి. మిగతా వేళల్లో సగానికి సగం నీళ్లు కలిపి కాచిన ఆవుపాలు, ఉగ్గుగిన్నెతో. నాకు రొమ్ములు రాళ్లలా గట్టిపడి నొప్పి పుట్టినప్పుడు అమ్మ తాకి చూసి, "సూసినావా, నిండుతాండాయి" అని సంతోషపడేది. రెండు మూడు రోజులకు ఆ గట్టిదనం తగ్గిపోయింది. ఐదింటికి బిడ్డను పెడితే నాలుగు గుటకలు తాగి వదిలేసి ఏడ్చేది. "ఇంకా సేపు నిండనీ" అనేది అమ్మ.

నేను ఎదురు చెప్పలేదా అంటే, చెప్పాను. కానీ ముప్పై ఏళ్లుగా పాలమీద బతికిన మనిషి ముందు నా మాటకు విలువేముంది? నాకు పాలు లేవన్నది నా కళ్ల ముందే కనబడుతోంది. అమ్మ చెప్పేది కళ్ల ముందు జరుగుతున్నదానితో సరిపోయింది. నర్సమ్మ చెప్పింది సరిపోలేదు.

తొమ్మిదో రోజు, బుధవారం, నర్సమ్మ మళ్లీ వచ్చింది. సంచిలోంచి స్ప్రింగ్ కాటా తీసి మా వసారా దూలానికున్న కొక్కేనికి తగిలించింది. గుడ్డ ఉయ్యాల్లో పాపను పెట్టి ముల్లు ఆగేదాకా చూసింది. రెండు కిలోల మూడువందలు. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. అంతే.

"ఎన్నిసార్లు పెడ్తాండావు?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "పది" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకలా అన్నానో సరిగా చెప్పలేను. నిజం చెబితే అమ్మను పట్టించినట్టవుతుందని కొంత. చదువుకుని, పత్రికాఫీసులో కూర్చుని నలుగురికి చెప్పేదాన్ని ఇలా చేశానని తెలుస్తుందనే సిగ్గు ఇంకొంత.

"పదిసార్లు పెడితే ఇట్ల ఏల తగ్గుతాది?" నర్సమ్మ నన్ను మళ్లీ గోడకు ఆనించింది. బిడ్డను పట్టిన తీరు చూసింది, నోరు తెరిపించి నాలుక కింద వేలు పెట్టి చూసింది, ఒళ్లు వేడిగా ఉందేమో చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆమె మొహంలో విసుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. అది నా మీద కాదు, అంతుపట్టని పని మీద. "సదువుకున్నదానివి. నువ్వే ఏదో ఒకటి ఆలోసించు" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కాటా మాత్రం మా దూలానికే మరిచిపోయింది.

దానికోసం తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఐదయింది. కొట్టంలో అమ్మ మొదటి ఆవు దగ్గర కూర్చుని ఉంది. దూడను రెండు గుక్కలు చీకనిచ్చి, ఆవు పాలు చేపగానే దాన్ని లాగి గుంజకు కట్టేసింది. బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది. అక్కడి నుంచే అమ్మ కేకేసింది: "మే, యాలయింది! బిడ్డకి పెట్టు!"

నర్సమ్మ చేయి కాటా మీదే ఆగిపోయింది. వసారాలో నా పక్కన ఉగ్గుగిన్నె, అందులో అడుగున మిగిలిన పాలు చూసింది. నా వైపు చూసింది.

"పొద్దున ఎన్నింటికి పెట్టినావు?"

"ఐదింటికి."

"నడిమధ్యలో?"

నేను పాప తల మీద గుడ్డ సర్దాను.

ఆమె నేరుగా కొట్టంలోకి వెళ్లింది. మా అమ్మ పాలు పిండేటప్పుడు కొట్టంలోకి కొత్తవాళ్లను రానివ్వదు, ఆవు బెదిరి పాలు ఎగబట్టుకుంటుందని. "ఆడే ఉండు తల్లీ, ఆడే ఉండు" అంటున్నా నర్సమ్మ వినలేదు.

"పెద్దమ్మా, నీ కూతురికి కూడా వ్యాను వస్తాందా?"

"ఏందా మాట?"

"రెండు పూటలా పిండిస్తాండావే, అందుకని అడుగుతాండా. ఆవును రెండుసార్లు పిండేది వ్యాను రెండుసార్లు వస్తుందని. ఆవు అడిగిందా అట్ల పిండమని?"

"ముప్పయ్యేండ్లుగా సాకుతాండా ఆవుల్ని. నాకు సెప్పొచ్చినావా?"

"నేనూ పెద్దమండ్యం దిక్కు మేకల ఇంట్లో పుట్టినదాన్నే. మేకపిల్లను తల్లి దగ్గర ఇడిసిపెడితే పొద్దుకు ఎన్నిసార్లు పొడుస్తాదో నువ్వు సూడలేదా? తాగేకొద్దీ వస్తాయి. ఆపితే ఆగిపోతాయి. అంతే."

"మేక మేకే, ఆవు ఆవే."

"సరే, ఒక పని సెయ్యి. ఒక్క దూడను ఒక్క పగలు తల్లి దగ్గర ఇప్పి ఇడు. నీ కళ్లతో నువ్వే సూడు."

ఆవు పాలు ఎగబట్టింది. అమ్మ బకెట్ పక్కకు పెట్టి, "సూసినావా, నీ యవ్వారం! ఈ పూట పోయింది" అన్నది. నర్సమ్మ కాటా సంచిలో వేసుకుంది. పోతూ నా దగ్గర ఆగి, "నాతో అబద్ధం సెప్పినా పర్వాలేదుమ్మా. కాటాతో సెప్పలేవు" అన్నది. శనివారం వస్తానన్నది.

మర్నాడు అమ్మ నిజంగానే పరీక్ష పెట్టింది. నమ్మి కాదు, నర్సమ్మ చెప్పింది తప్పని తేల్చడానికి. పొద్దున పిండాక ఎర్రావు దూడను కట్టకుండా వదిలేసింది. అది పగలంతా తోక ఆడిస్తూ తల్లిని పొడుస్తూనే ఉంది. నేనూ ఆ రోజు ఏడ్చినప్పుడల్లా పాపను పెట్టాను. చనుమొనలు పగిలాయి. పట్టినప్పుడల్లా కాలివేళ్లు ముడుచుకుని కళ్లు మూసుకునేదాన్ని. సాయంత్రం అమ్మ బకెట్ పట్టుకుని ఎర్రావు దగ్గర కూర్చుంది. పిండింది, పిండింది. గ్లాసెడు కూడా రాలేదు. ఆ బకెట్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

"సూడు, మీ నర్సమ్మ తెలివి! ఏం మిగిల్నాయి?"

"బకెట్‌లో యాడ మిగులుతాయి మా? దూడ కడుపు సూడు" అన్నాను.

అమ్మ కొట్టం వైపు తిరిగింది. దూడ రెండు పక్కలా డొక్కలు ఉబ్బి, కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. అది అంత నిండుగా పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అమ్మ చాలాసేపు చూసింది. ఆ పూటకు ఉగ్గుగిన్నె తేలేదు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. తెల్లారేసరికి దూడకు పారుడు పట్టుకుని విరేచనాలు మొదలయ్యాయి. అలవాటు లేని కడుపు, ఒక్కసారిగా అన్ని పాలు. అమ్మ దాన్ని కడుగుతూ కడుగుతూ నన్ను తిట్టింది. ఆ మర్నాడు, శనివారం, పాప గుడ్డలు పసుపుపచ్చగా, పలచగా, రోజుకు ఆరేడుసార్లు తడవడం మొదలైంది.

"అయిందా? దూడకి పట్టిందే బిడ్డకీ పట్టింది. పొద్దస్తమానం అతికించుకోని కూసుంటే పారక ఏమైతాది?" అమ్మ వాము నీళ్లు కాచి తెచ్చింది. నేను పాపను గుండెకు హత్తుకుని గోడవైపు తిరిగాను. గిన్నె పక్కన పెట్టి వెళ్లింది. ఆ రోజంతా నేను నర్సమ్మ కోసం వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. శనివారం వస్తానన్న మనిషి రాలేదు.

ఆదివారం మా ఆయన కుప్పం నుంచి వచ్చాడు. అక్కడ గుమాస్తా ఉద్యోగం. ఆయనే చెప్పాడు, కుప్పంలో ఆపరేషన్ల క్యాంపు జరుగుతోందనీ, జిల్లాలోని నర్సులందరినీ అక్కడికి పిలిపించారనీ. ఒక బిడ్డ పాలకంటే నూరు ఆపరేషన్లు ముఖ్యమైన రోజులవి. నేను ఎవర్ని తిట్టాలో తెలియక ఆయన్ని తిట్టాను. పాపం ఆయన వచ్చేటప్పుడు పుంగనూరులో దిగి, డబ్బా కూడా కొనుక్కొచ్చాడు. "డాక్టరమ్మ ఎట్లాగూ చెప్పింది కదా, మళ్లీ ఇంకోసారి పోకుండా ఉంటుందని" అన్నాడు. ఆ డబ్బా అటక మీద, పాపకు ఎదురుగా కూర్చుంది. డబ్బా మీద బొమ్మలో బిడ్డ బుగ్గలు చూస్తే నాకు ఒళ్లు మండింది. మంగళవారానికి పదిహేనో రోజు.

సోమవారం పొద్దున నర్సమ్మ వచ్చింది. రెండు రోజులు క్యాంపులో నిలబడి నిలబడి కాళ్లు వాచి ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటింది.

అమ్మ ఆ క్షణం కోసమే ఎదురుచూస్తోంది. ఉతక్కుండా దాచిన గుడ్డ ఒకటి తెచ్చి ఆమె ముందు పరిచింది. "ఇదిగో సూడు. నీ మాట ఇని నా మనవరాలు పడే బాధ."

నర్సమ్మ గుడ్డను వెలుతురులోకి తిప్పి చూసింది. ఆమె మొహం విచ్చుకోవడం నేను మొదటిసారి చూశాను.

"పెద్దమ్మా, నేను పదిరోజులుగా సూడాలనుకుంటాండేది ఇదే. తల్లిపాలు తాగే బిడ్డ ఇట్లనే పోతాది. పచ్చగా, పలచగా. నీళ్లలాగా పోయి, బిడ్డ వడిలిపోతేనే భయం. ఇది వడిలిందా? తడిపే గుడ్డలు ఎన్ని?"

"ఉతకలేక సస్తాండా."

"అదే నాక్కావల్సింది."

కాటా మళ్లీ దూలానికెక్కింది. ఈసారి అమ్మ కూడా దగ్గరికొచ్చి నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. రెండు కిలోల నాలుగువందల యాభై.

"పుట్టిన్నాటి కంటే తక్కువే" అన్నది అమ్మ.

"పోయినసారి కంటే ఎక్కువ" అన్నది నర్సమ్మ.

ఇద్దరూ చెప్పింది నిజమే. నాకు మాత్రం రేపు డాక్టరమ్మ ముందు అమ్మ మాటే నిలుస్తుందనిపించింది. ఆ మాట పైకే అన్నాను. నర్సమ్మ తన రిజిస్టర్ తీసింది. టీకాలకు గడులున్నాయి, ఆపరేషన్లకు గడులున్నాయి. నేను తెలియక, ఈ పాలు పట్టించే పనిని ఎక్కడ రాస్తారని అడిగాను. "దీనికి గడి లేదుమ్మా" అని, వెనక అట్ట దగ్గర ఖాళీ కాగితం చింపి డాక్టరమ్మకు చీటీ రాసిచ్చింది. ఏ రోజు ఎంత బరువో రాసి, కింద ఒకే వాక్యం: 'ఐదు రోజులుగా తల్లిపాలు మాత్రమే, బరువు పెరుగుతోంది, ఒక వారం ఆగమని మనవి.' నేను అన్నేళ్లు తిరగరాసిన ప్రకటనలన్నీ కలిపినా అంత పనికొచ్చే వాక్యం లేదు.

మర్నాడు మదనపల్లెలో డాక్టరమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివింది. "ఎవరీ నర్సు?" అని అడిగి, "సరే, వారం. అంతకంటే ఒక్కరోజు కూడా ఆగను" అన్నది. ఆ వారం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పగిలిన మొనల మీద పాలే రాసుకుని ఆరబెట్టుకోవడం, పెట్టడం, పెట్టడం, పెట్టడం. వారానికి పాప రెండు కిలోల ఏడువందలు తూగింది. డబ్బా మూత తీయకుండానే మా ఆయన సంచిలో తిరిగి వెళ్లింది. దూడ కూడా రెండు రోజుల్లో కోలుకుని మళ్లీ గుంజకు చేరింది.

నర్సమ్మ గురించి మా పత్రికకు రాశాను. ఆడవాళ్ల పేజీలో వచ్చింది. స్థలం చాలలేదని నర్సమ్మ ఉన్న పేరాలు తీసేసి, పాలు పెరగడానికి మెంతులూ వెల్లుల్లీ వాడాలన్న చిట్కాలు కలిపారు. నేను వాటిని రాయలేదు. ఆ కత్తిరింపు ఎవరి చేతిదో అడగాలనుకుని అడగలేదు. ఏడాది తిరక్కుండానే ఆమెను వేరే మండలానికి బదిలీ చేశారు. ఎక్కడికో సరిగా తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, మేము కుప్పంలో కాపురం ఉన్నప్పుడు, మా చెల్లెలు కాన్పుకు మా ఇంటికే వచ్చింది. అమ్మ కూడా ఆవుల్ని పక్కింటి అత్తకు అప్పగించి వచ్చింది. చెల్లెలు రెండో రోజు పాలు రావడం లేదని ఏడుస్తుంటే, అమ్మ మంచం చుట్టూ ఉన్నవాళ్లందర్నీ బయటికి తోలింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు తగిలేలా తిప్పింది. "పెట్టు మే, ఏడ్సినప్పుడల్లా పెట్టు. తాగేకొద్దీ వస్తాయి. ఆపితే ఆగిపోతాయి. నేను ఎప్పట్నించో సెప్తాండా ఈ మాట."

"ఎప్పట్నించో నువ్వు చెప్పలేదు మా. చెప్పింది నర్సమ్మ. నువ్వు ఆమెతో కొట్లాడినావు."

అమ్మ నావైపు తిరక్కుండానే, బిడ్డ గొంతు దగ్గర చెవి పెట్టి గుటక వింటూ అన్నది: "సెప్పింది ఆమేలే. దూడను ఇప్పి సూసింది ఎవురు?"